గురువారం పది గంటల సూది

మధిర రైల్వే స్టేషన్, రెండో ప్లాట్‌ఫాం. 2008 డిసెంబరు, సోమవారం మధ్యాహ్నం రెండున్నర.

సిమెంటు బెంచీ మీద లచ్చిరాం తల వాల్చి కూర్చున్నాడు. పక్కన సగం తాగిన టీ కప్పు. వచ్చేపోయేవాళ్లు ప్రయాణం బడలికకు కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఖాకీ చొక్కాలో, భుజాన టూల్ బ్యాగ్‌తో వచ్చిన మోయిజ్ మాత్రం అతని మెడ మీద రెండు వేళ్లు ఆనించి చూశాడు. పది నిమిషాలు ఆలస్యమైపోయింది.

లచ్చిరాం చండ్రుగొండ పక్క తండా మనిషి. రేవు పట్నంలో ఒక విదేశీ ముఠా గోదాములో హమాలీగా చేరి, మూడేళ్లుగా మన గూఢచారి విభాగానికి కబుర్లు చేరవేస్తున్నాడు. ఇప్పుడు అతని మేజోడులో మడిచిన కాగితం ఒక్కటే మిగిలింది. దాని మీద వంకర అక్షరాలతో ఇలా ఉంది: "ముప్పై మంది. గురువారం పది గంటలు."

మోయిజ్ స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకున్నాడు. చూడ్డానికి కరెంటు టెస్టర్. లోపల వైర్‌లెస్ సెట్. అవతల ఖమ్మంలో చీఫ్ సతీష్ లైన్లోకి వచ్చాడు.

"మనిషి పోయాడు సార్. టీలో ఏదో కలిపారు."

"ముప్పై మంది అంటే మన వాలంటీర్లే. శ్యామలకు చెప్పు. క్యాంపుకు పోయి అక్కణ్నుంచి కదలకు."

సంగతి ఇదీ. భద్రాచలం దాటాక, అడవి అంచున వాగొడ్డుగుంపు అనే కోయగూడెం పక్కన ఒక క్యాంపు నడుస్తోంది. ముప్పై మంది వాలంటీర్లు, డాక్టర్లూ నర్సులూ, అక్కడ ట్రైనింగులో ఉన్నారు. రోడ్డు లేనిచోట, కరెంటు లేనిచోట వైద్యం ఎలా చేయాలో నేర్చుకుని, అంతర్జాతీయ శాంతి మిషన్ తరఫున ఒక ఆఫ్రికా దేశానికి వెళ్లాలి. అక్కడ దొంగగనులున్న లోయలో కొత్త హాస్పిటల్ తెరవాలి. హాస్పిటల్ తెరిస్తే గనుల్లో చచ్చేవాళ్ల లెక్క లోకానికి తెలుస్తుంది. అందుకే గనులు నడిపే అదే విదేశీ ముఠాకు ఈ ముప్పై మంది కంట్లో నలుసయ్యారు.

మోయిజ్ కూడా డాక్టరే. ఖమ్మంలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. ఆరేళ్ల కిందట అదే మిషన్‌లో వాలంటీర్‌గా వెళ్లి, నీలం టోపీల శాంతి సైనికుల మధ్య రెండేళ్లు గుడారాల్లో కుట్లు వేశాడు. విభాగం అతన్ని అక్కడే చేర్చుకుంది. ఈ క్యాంపులో మాత్రం అతను ఫ్రిజ్‌లు, జనరేటర్ చూసుకునే మెకానిక్ వజీర్ భాయ్. గడ్డం, పాన్ మరకలు, మోటు మాట. వేషం ఎంత అతికిందంటే క్యాంపులో ఎవరి ఫ్యాన్ ఆగినా మనవాణ్నే పిలుస్తారు.

క్యాంపులో అతని అసలు పేరు తెలిసిన మనిషి ఒక్కతే. డాక్టర్ శ్యామల. మధిర అమ్మాయి. అడవిలో పది మైళ్లు నడిచొచ్చినా చీర మడత నలగదు, పెదవుల రంగు చెదరదు, చేతి గడియారంలో కెమెరా ఉందని ఎవరూ అనుకోరు. అదే మిషన్‌లో మోయిజ్‌తో పాటు వెళ్లిన ఆమెనూ విభాగం ఆఫ్రికాలోనే చేర్చుకుంది. గుండు దెబ్బ తిని మోయిజ్ గుడారంలో పడి ఉన్నప్పుడు, బ్లడ్ దొరక్క అందరూ చేతులెత్తేస్తే, ఆమె పక్క మంచం మీద పడుకుని తన రక్తం ఎక్కించింది. అలాంటి మనిషిని అనుమానించమంటే ఎవరి వల్లవుతుంది? మోయిజ్ ప్రతి కబురూ మొదట ఆమెకే చెప్పేవాడు. లచ్చిరాం ఏ రైల్లో వస్తున్నాడో, అతన్ని కలవడానికి ఏ కోడ్ మాట వాడాలో, అదీ చెప్పాడు.

బుధవారం సాయంత్రం శ్యామల జీపు దిగింది. ఎర్రగట్టుగుంపు అనే గూడెంలో మూడు రోజుల జ్వరాల సర్వే అట. చేతిలో గుడ్డసంచి నిండా లేత చిక్కుళ్లు.

"గోదారి దాటాలంటే ఏ రేవు?" అన్నాడు మోయిజ్ జనరేటర్ తుడుస్తూ. అది కోడ్.

"లాంచీ రాదు, ఈదాల్సిందే," అంది ఆమె, నవ్వకుండా. తర్వాత గొంతు తగ్గించింది. "లచ్చిరాం సంగతి విన్నాను. పాపం. సోమవారం నేనా గూడెంలో చిక్కుబడకపోతే మధిరకు నేనే వచ్చేదాన్ని. వాళ్లు వదల్లేదు మోయిజ్. ఇంటి పందిట్లో కాయలు తెంపి, వండి పెట్టి, సంచిలో పోసి మరీ పంపారు."

"రేపు పదింటికి ఎక్కడ కొడతారో తెలియడం లేదు. ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్ కూడా అప్పుడే. సీసాలన్నీ చూశాను. సీలు, బ్యాచ్ నంబరు సరిగ్గానే ఉన్నాయి."

"కలిపే నీళ్ల సీసాలు నేను చూస్తాలే. ఫ్రిజ్ తాళం ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. వ్యాక్సిన్ పొడిని వేయి కళ్లతో కాస్తారు డాక్టర్లు. దాంట్లో కలిపే నీళ్లను మాత్రం, నీళ్లే కదా అని వదిలేస్తారు. ఆ అలవాటు మోయిజ్‌కూ ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ మనవాడు ఏకంగా తాళమే చేతిలో పెట్టాడు.

గురువారం. తొమ్మిది యాభై.

మోయిజ్ తెల్లవారినప్పటి నుంచి క్యాంపు నాలుగు మూలలూ తిరిగాడు. గేటు దగ్గర పోలీసులు, వాగు దగ్గర పోలీసులు. ఎక్కడా చీమ కదలడం లేదు. వంటశాల ముందు కన్నమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, గుడ్డసంచిని పామును చూసినట్టు చూస్తోంది. కన్నమ్మ క్యాంపులో వంటా చేస్తుంది, గూడేలకు మందులూ పంచుతుంది. పుట్టిల్లు ఎర్రగట్టుగుంపు.

"ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్?" అన్నాడు మోయిజ్ వజీర్ గొంతుతో.

"గీ చిక్కుళ్లు ఎవరు తెచ్చిండ్రు?"

"డాక్టరమ్మ. మీ పుట్టింటోళ్లే ఇచ్చిండ్రంట. పందిట్ల తెంపి, వండి పెట్టిండ్రంట."

కన్నమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నీకు మతి ఉన్నదా వజీరూ? మా గుంపుల చిక్కుడు కొత్త ఇంక కాలే. పండుగ జేసి, అమ్మోరికి పెట్టినంకనే మేం కాయ తెంపేది. అంతకు ముందు పసిపోరగాడు గూడ ముట్టడు. ఇగ వండి చుట్టానికి పెడ్తరా?"

"ఎవరన్నా తెలియక..."

"తెలువకుండ ఎట్ల ఉంటది? పండుగ దినం జెప్పే పూజారి మా అన్ననే. వచ్చే వారం అన్నడు. ఇవి భద్రాచలం సంతల కాయలు. నేను వండను, నా పొయ్యి మీద పెట్టను." సంచికి రెండడుగులు దూరం జరిగి, ఇంకో మాట అంది. "నిన్న మా అన్న గిట్ల వచ్చి పోయిండు. డాక్టరమ్మ మా గుంపుకు వచ్చిందని ఒక్క మాట జెప్పలే."

మోయిజ్ గుడ్డసంచి వైపు చూశాడు. శ్యామల గూడేనికి వెళ్లలేదు. వెళ్లానని నమ్మించడానికి సంతలో చిక్కుళ్లు కొని తెచ్చింది. ఊరివాళ్లు ప్రేమగా ఇస్తారు కదా అనుకుంది గానీ, ఆ ప్రేమకూ ఒక రోజు ఉంటుందని మధిరలో పెరిగిన మనిషికి తెలియలేదు.

మరి సోమవారం ఎక్కడుంది? అప్పుడు తట్టింది అతనికి. లచ్చిరాం అపరిచితుల చేతి నుంచి మంచినీళ్లు కూడా పుచ్చుకోడు. కోడ్ మాట చెబితేనే నమ్ముతాడు. ఆ మాట తెలిసినవాళ్లు ముగ్గురే. చీఫ్, తను, శ్యామల. ఆ మాటను శ్యామల నోట్లో పెట్టింది తనే. ఆ టీ కప్పు అతని చేతికి అందించింది ఎవరో కాదు, తనే అనిపించింది. తిట్టుకోవడానికి కూడా టైం లేదు. తొమ్మిది యాభై నాలుగు.

ఫ్రిజ్ తాళం ఆమె దగ్గర ఉంది. నీళ్ల సీసాలు ఆమె చూసింది.

టెస్టర్ నొక్కి చీఫ్‌కు రెండే మాటలు చెప్పాడు. "మనిషి శ్యామల. మార్గం వ్యాక్సిన్." పోలీసులను పిలవమన్నాడు. వాళ్లు గేటు నుంచి రావాలంటే ఆరు నిమిషాలు. దారిలో ఆగి, చెట్టు కింద ఉన్న ఆమె జీపు బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత గుడారం వైపు పరుగెత్తాడు.

గుడారంలో ముప్పై మంది వరసలో ఉన్నారు. మొదటి స్టూలు మీద ఖమ్మం నర్సు ఫరహా, చెయ్యి మడిచి సిద్ధంగా కూర్చుంది. శ్యామల సీసా తలకిందులు చేసి, సిరంజిలోకి మందు లాగుతోంది. పది కావడానికి ఒక్క నిమిషం.

అరిచి ఆపవచ్చు. కానీ అరిస్తే ఆమె నవ్వేస్తుంది. మెకానిక్‌కు మతిపోయిందంటుంది. ఆరోగ్యశాఖ సీలున్న సీసా చూపిస్తుంది. పైగా మోయిజ్ మనసులో ఒక మూల ఇంకా వేరే ఆశ ఉంది. చిక్కుళ్ల విషయంలో అబద్ధమాడినంత మాత్రాన హంతకురాలు కావాలని ఏముంది? ఏ ప్రేమ వ్యవహారమో దాచుకుంటోందేమో. మనిషి నమ్మకం చచ్చేముందు ఎన్ని సాకులు వెతుక్కుంటుందో చూడండి.

"బిడ్డా, జర లెవ్," అన్నాడు ఫరహాతో. "సూదంటే నాకు భయం. ముందుగాల నాకేస్తే జల్దీ పోయి జనరేటర్ చూస్కుంటా."

ఫరహా నవ్వి లేచింది. మోయిజ్ స్టూలు మీద కూర్చుని ఖాకీ చొక్కా చేయి మడిచాడు. శ్యామల కళ్లలోకి చూశాడు.

ఎల్లో ఫీవర్ సూది ఒకసారి వేస్తే పదేళ్లు పనిచేస్తుంది. ఆరేళ్ల కిందట మోయిజ్‌కు ఆ సూది వేసింది శ్యామలే. అతని పసుపుపచ్చ వ్యాక్సిన్ కార్డు మీద సంతకం ఆమెదే. తప్పేమీ లేని శ్యామల అయితే ఇప్పుడు వంగి చెవిలో, "లేవయ్యా, నాటకాలొద్దు, నీకు అక్కర్లేదు," అనాలి. ఆ ఒక్క మాట కోసం అతను ఎదురుచూశాడు.

శ్యామల ఒక్క క్షణం అతన్ని చూసింది. అతను ఎందుకొచ్చి కూర్చున్నాడో ఆమెకు అర్థమైంది. అర్థమైందని అతనికీ తెలిసింది.

దూది తడిపింది. అతని చెయ్యి శ్రద్ధగా తుడిచింది, మంచి డాక్టర్లు తుడిచినట్టే.

"కొంచెం చురుక్కుమంటుంది," అంది. "కదలకండి."

సూది మొన చర్మాన్ని తాకింది. ఆమె చెయ్యి వణకలేదు. ఒక్కసారి వణికి ఉంటే మోయిజ్ జీవితాంతం ఆ వణుకును తలుచుకుని ఆమెను క్షమించేవాడేమో. అదీ దక్కలేదు. బొటనవేలు సిరంజిని నొక్కబోయే లోపల అతను ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. సిరంజి ఎగిరి మట్టిలో పడింది.

"ఎవ్వరూ ఆ సీసాలు ముట్టకండి. అది మందు కాదు," అన్నాడు. ఈసారి గొంతు వజీర్‌ది కాదు.

శ్యామల బల్ల తన్నింది. గుడారం వెనక తెర చీల్చుకుని జీపెక్కింది. తాళం తిప్పింది. మళ్లీ తిప్పింది. జీపు కిక్కురుమనలేదు. పోలీసులు చుట్టుముట్టేసరికి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఏ హోటల్ ముందో కారు కోసం చూస్తున్నట్టు కూర్చుంది.

మోయిజ్ జీపు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకు?"

"రెండేళ్లు కుట్లు వేశాం, గుర్తుందా? మనం కుట్టి పంపినవాడు వారం తిరక్కుండా మళ్లీ ఒళ్లంతా చిల్లులతో వచ్చేవాడు. ఇంకో హాస్పిటల్ తెరిస్తే ఏం మారుతుంది? వాళ్లడిగింది అదొక్కటే, తెరవొద్దని. నేను అలసిపోయాను మోయిజ్. వాళ్లు నాకు కొత్త పేరు, కొత్త దేశం ఇస్తామన్నారు."

"ముప్పై మంది, శ్యామలా."

ఆమె చీర మడత సరిచేసుకుంది.

"నాకూ సూది దించేదానివా?"

"నువ్వే కదా వచ్చి కూర్చున్నావు," అంది శ్యామల, తప్పంతా అతనిదేనన్నట్టు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో మోయిజ్‌కు అప్పుడు తెలిసింది. పోలీసులు ఆమెను తీసుకుపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. కోపం రావాల్సింది. కళ్లలో నీళ్లొచ్చాయి. పాన్ నమిలే వేషం కాబట్టి తల తిప్పి ఉమ్మేసినట్టు నటించాడు.

హెలికాప్టర్‌లో పంపిన సీసాలు చూసి, మధ్యాహ్నం దాటాక హైదరాబాదు ల్యాబ్ నుంచి కబురొచ్చింది. పొడి అసలుదే. కలిపే నీళ్లు విషం. సూది వేశాక మూడు గంటలసేపు ఏమీ తెలియదు, ఆ తర్వాత ఊపిరి ఆడదు. భద్రాచలంలో ఒక లాడ్జిలో కెమెరాల వ్యాపారినని చెప్పుకుంటున్న ముఠా మనిషిని, ఒక విదేశీయుణ్ని, పోలీసులు భోజనం మధ్యలో ఎత్తుకొచ్చారు. నాలుగు గంటలకు కొత్త సీసాలు దిగాయి.

వ్యాక్సిన్ వేయడానికి ఇప్పుడు మోయిజ్ కూర్చున్నాడు. వరస కదల్లేదు. పొద్దున డాక్టర్‌ను నమ్మి చెయ్యి చాపినవాళ్లు. ఇప్పుడు మెకానిక్‌కు చాపమంటే ఎలా చాపుతారు? అతను సీలు చూపించాడు, బ్యాచ్ నంబరు పైకి చదివాడు, నీళ్ల సీసాను ప్రతి ఒక్కరి చేతికీ ఇచ్చి చూసుకోమన్నాడు. చివరికి ఫరహా వచ్చి కూర్చుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"చూడు బిడ్డా," అన్నాడు మోయిజ్. "కళ్లు తెరిచి చూడు. ఎవరు పొడిచినా చూసే పొడిపించుకో."

ఆమె కళ్లు తెరిచింది. ముప్పై మందికీ పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. చీఫ్ లైన్లోకి వచ్చాడు.

"గుడ్ వర్క్ మోయిజ్. ఈ ముప్పై మందితో నువ్వూ వెళ్తున్నావు. ముఠా మిగతా సగం అక్కడే ఉంది. నీతో ఒక పార్ట్‌నర్‌ను పంపుతాను. నమ్మకమైన మనిషే కావాలి కదా?"

మోయిజ్ చేతి మీద సూది గీసిన చోటు దురద పెడుతుంటే గోక్కున్నాడు.

"వద్దు సార్. ఈసారి నికరమైన శత్రువును పంపండి. వాడికైతే వీపు చూపించను."