కొత్త డబ్బాలో బొద్దింకలు

సోమవారం ఉదయం 9:10కి ల్యాబ్‌లో కంప్యూటర్ చచ్చిపడి ఉంది. దాంతోపాటు మూడు నెలల రక్తపరీక్షల రిపోర్టులూ పోయాయి.

10:30కి ల్యాబ్ డాక్టర్ పిలిపించిన రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి టెక్నీషియన్ ముందు ఒక కాగితం ఉంది. "నా వల్లే కంప్యూటర్ పాడైంది. రిపోర్టులు పోయినందుకు బాధ్యత నాదే." సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోయినట్టే.

"నేనేం చెయ్యలేదు సార్," అందామె. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కంప్యూటర్ కొన్నదెవరు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"మా బావమరిది," అన్నాడు ల్యాబ్ డాక్టర్. "కొత్తది. మూడు నెలలే అయింది."

బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "ఈవిడ పాతది బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ చాలంది. ఛీ, ఎవడో వాడి పారేసింది మా బావకెందుకు? మా ఇంట్లో అయితే పార్టులు తెచ్చి నేనే అసెంబుల్ చేసుకున్నా. అందరికీ ఆ తెలివుండొద్దూ?"

"షాపు నుంచి నేరుగా ఇక్కడికే తెచ్చారా?"

"ఆ... శనివారం తీసుకున్నా. సోమవారం తెచ్చా."

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ డబ్బా విప్పాడు. పైన అంటించిన ప్లాస్టిక్ పొర కూడా ఊడలేదు. లోపల మాత్రం ఫ్యాన్ నిండా జిడ్డు మసి. బోర్డు కింద ఎండిన బొద్దింకలు, వాటి గుడ్ల పెంకులు. కంపు గుప్పుమంది.

"చూశారా, శుభ్రం లేదీవిడకి!" అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టర్ డిస్క్ ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. అది తెరుచుకునేలోగా బిల్లు చూసి, బయటికెళ్ళి ఒక ఫోన్ చేసొచ్చాడు. ఫైళ్ళు రాలేదు. ఒక లెక్క మాత్రం వచ్చింది.

"ఎన్ని గంటలు నడిచిందో డిస్క్ తనలోనే రాసుకుంటుంది. మూడు నెలలు రాత్రీ పగలూ నడిపినా రెండువేల రెండొందలు దాటదు. ఇది ముప్పై ఒక్క వేల గంటలు నడిచింది."

"అయితే షాపువాడు ముంచాడు బావా!"

"షాపుకి ఇందాకే ఫోన్ చేశా. సీలున్నదే ఇచ్చాడట. వాడి బిల్లులో ఉన్న డిస్క్ నంబరు వేరు, దీని నంబరు వేరు. ఆ నంబరు డిస్క్ ఎక్కడుందో చూడ్డానికి మీ ఇంటికెళ్దామా? మీరు అసెంబుల్ చేసిన దాంట్లో?"

బావమరిది కాలు కిందికి దిగింది.

"ఆదివారం... లోపలి పార్టులే కదా బావా మార్చింది. రిపోర్టులు కొట్టడానికి పాతవి చాలవా? ఇంట్లోవాళ్ళమేగా..."

డాక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సరే, ఇంటి గొడవ. ఇంతటితో వదిలేద్దాం సార్. అమ్మా, నువ్వెళ్ళి పని చూసుకో."

"రిపోర్టులు, డాక్టర్ గారూ?" అందామె. "పదకొండు మంది క్యాన్సరేమోనని ఎదురుచూస్తున్నారు. వాళ్ళకేం చెప్పను?"



ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం తీసి బావమరిది ముందుకు తోశాడు. "ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. పెట్టు సంతకం."

తర్వాత సింకు దగ్గరికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

బొద్దింకల కంపు మొదటిసారికే పోయింది.