లోపలికి మడిచిన తీగ

ఆ రోజు పొద్దున కూడా చిన్ని జడ అమ్మే వేసింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల అమ్మ ముందు చతికిలబడి జడ వేయించుకోవడం మామూలప్పుడైతే నవ్వొచ్చే సంగతే. కానీ కుడిచేతికి కట్టుంది. కట్టు కింద రెండు వేళ్ళు సగం సగమే మిగిలాయి. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కోసే మిషను వాటిని మింగి పదహారు రోజులైంది.

టేబుల్ మీద ఫ్యాక్టరీ వాళ్ళ కాగితం ఉంది. నిన్న ఆఫీసు గుమాస్తా స్వయంగా తెచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఎల్లుండి పదింటికల్లా సంతకం చేసి పంపమని చెప్పి పోయాడు. మిషను తలుపు తెరిచి పెట్టింది తానేనని, ఉద్యోగం కూడా తన ఇష్టంతోనే మానుకుంటున్నానని అందులో చిన్ని ఒప్పుకోవాలట. గడువు ఇంకా ఒక్కరోజుంది.

"సంతకం పెట్టెయ్ తల్లీ," అన్నాడు నాన్న, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "వాళ్ళతో మనం తూగలేం."

"నేను తలుపు ముట్టుకోలేదు నాన్నా! నన్ను ఆ మిషను మీద వేసిందే ఆరోజు. అది నెల నుంచీ తలుపు తెరిచే నడుస్తోందట, అందరూ చెప్తున్నారు."

"అందరూ చెప్తారు. రేపు అడిగితే ఒక్కడూ నోరు విప్పడు."

"నువ్వు విప్పవా?"

ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అదే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కు. అక్కడ అందరికీ ఆయన 'పానా మావయ్య'. అసలు పేరు జీతాల పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. కూరలో ఉప్పు తగ్గితే అరగంట ఉపన్యాసమిచ్చే మనిషి, పదహారు రోజులుగా ఏం పెడితే అది తిని లేస్తున్నాడు. కూతురి మీద బెంగ అనుకుంది అమ్మ. చిన్ని కూడా అలాగే అనుకుంది.

ఆయన వీధి మలుపు తిరగగానే చిన్ని చెప్పులేసుకుంది. "అమ్మా, పద. లాయరు దగ్గరకి."

"నాన్నకి చెప్పకుండానా? అమ్మో!"

"చెప్తే వెళ్ళనిస్తారా?"

అమ్మ తలుపుకు తాళం వేసి వెంట నడిచింది. బస్సు దిగిన చోటే పెద్ద బోర్డు కనబడింది. ఆ లాయరు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి విన్నాడు. చిన్ని గడగడా చెబుతుంటే, అమ్మ ఉన్నట్టుండి దాని మోచెయ్యి గిల్లింది. లాయరు వెనక గోడకు క్యాలెండరు ఉంది. దాని మీద తళతళలాడుతున్న బొమ్మ చిన్ని పనిచేసిన ఫ్యాక్టరీదే.

"ఏ ఫ్యాక్టరీ అన్నారమ్మా?" అని అడిగిన లాయరు, పేరు వినగానే కలం మూత పెట్టేశాడు. "వాళ్ళ కాగితాలు మేమే చూస్తాం. మీ కేసు నేను తీసుకోకూడదు. మీరు చెప్పింది ఎవరికీ చెప్పను, వెళ్ళి రండి."

"ఎవరికీ చెప్పనన్నాడు, నిజమేనంటావా?" మెట్లు దిగుతూ అమ్మ పదిసార్లు అడిగింది. వీధిలో ఎవరి ఫోను మోగినా చిన్నికి తమ సంగతి ఫ్యాక్టరీ మేనేజరు చెవిన పడిపోయినట్టే ఉంది.

అట్నుంచటే ఆసుపత్రికి వెళ్తే, కట్టు మార్చే నర్సు ఆ సంగతి విని నొసలు కొట్టుకుంది. "బోర్డు చూసి వెళ్ళిపోవడమేనా? మీరు పనివాళ్ళ తరఫున వాదిస్తారా, యజమానుల తరఫునా అని ముందు అడగాలి. ఇలాంటి కేసులు ఇదివరకు చేశారా అని కూడా అడగాలి. మందుల దుకాణం మేడ మీద ఒకావిడ ఉంది. పనివాళ్ళ కేసులు తప్ప వేరేవి ముట్టుకోదు. నా పేరు చెప్పు."

ఈసారి చిన్ని గుమ్మంలోనే ఆ రెండు ప్రశ్నలూ అడిగేసింది. లాయరమ్మ నవ్వింది. "మంచిదమ్మా, అడిగే లోపలికి రావాలి. పనివాళ్ళ తరఫునే. పదకొండేళ్ళుగా ఇదే పని."

కాగితం రెండుసార్లు చదివి పక్కన పెట్టింది. "దీని మీద సంతకం పెట్టకు. గదిలో కూర్చోబెట్టి తలుపేసినా పెట్టకు. అసలు ఆ మిషను తలుపు తెరిచి ఉంటే ఎలా నడిచింది?"

"తలుపు పక్కన ఒక మీట ఉంటుందండీ. తలుపు మూస్తేనే అది నొక్కుకుంటుంది, అప్పుడే మిషను తిరుగుతుంది. ఆ మీటను ఎవరో తీగతో కట్టేశారు. ప్రమాదమైన రోజే మా ప్యాకింగు అక్క ఫోటో తీసి పంపింది."

లాయరమ్మ ఫోను తీసుకుని ఫోటోను పెద్దది చేసింది. అప్పటిదాకా చిన్ని ఆ ఫోటోను సరిగా చూడనే లేదు, చూడ్డానికి ధైర్యం చాలక. ఇప్పుడు తీగ స్పష్టంగా కనిపిస్తోంది. మూడు చుట్లు, పట్టకారుతో బిగించిన మెలిక. తీగ కొస బయటకు పొడుచుకు రాకుండా లోపలికి మడిచి ఉంది.

ఇంట్లో బట్టలారేసే తీగ అలాగే కట్టి ఉంటుంది. బకెట్టు పిడీ, కిటికీ రెక్కా, అమ్మ విరిగిన గరిటె కాడా, అన్నీ అలాగే తీగ చుట్టి ఉంటాయి.

"ఎవరు కట్టారో తెలుసా?"

"తెలీదండీ," అంది చిన్ని. ఫోను వెనక్కి లాక్కుంది.

లాయరమ్మ కాసేపు దాని మొహంలోకి చూసింది. "భయపడితే భయపడు. నాకు మాత్రం అబద్ధం చెప్పకు. రేపు తొమ్మిదింటికి రా."

సాయంత్రం నాన్న వచ్చేసరికి చిన్ని వరండాలో, బట్టల తీగ దగ్గర నిలబడి ఉంది. ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన చూసి, సంచి కింద పెట్టబోయి పెట్టలేక, దాంతోనే కూలబడ్డాడు.

"ఇది నీ మెలికే కదా నాన్నా."

"ఏమిటే ఆ మాటలు?" అంటూ అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేనేజరు కట్టమన్నాడు," అన్నాడాయన నేల చూస్తూ. "తలుపు మాటిమాటికీ మూసి తీస్తుంటే పెట్టెలు తగ్గుతున్నాయన్నాడు. వద్దండీ, చేతులు పోతాయన్నాను. రెండ్రోజులే అన్నాడు. రెండ్రోజులు నెలైంది. నువ్వు ప్యాకింగులో ఉన్నావు తల్లీ! నిన్ను ఆ మిషను మీదకి మార్చిన సంగతి నాకు తెలిసేసరికే..."

"కొస లోపలికి మడిచావు నాన్నా," అంది చిన్ని. ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఎవరికీ గీసుకోకూడదని మడిచావు!"

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అమ్మ ఒక్క ఉదుటున వచ్చి, "అందుకా దాన్ని సంతకం పెట్టమన్నావు? నీ ఉద్యోగం కోసం పిల్ల చేత తప్పు ఒప్పిస్తావా?" అని అరిచింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

"ఉద్యోగం కోసం కాదే! కేసు పెడితే తీగ ఎవరు కట్టారని అడుగుతారు. అప్పుడు చిన్నికి తెలిసిపోతుంది. అది మళ్ళీ నా మొహం చూస్తుందా? ఈ పదహారు రోజులూ అదే భయం నాకు."

చిన్నికి కోపం తగ్గలేదు. కానీ ఎదురుగా ఉన్నది చిన్నప్పుడు తన బొమ్మ చెయ్యి విరిగితే పూటంతా కూర్చుని అతికించిన మనిషి. పక్కన కూర్చోవాలనిపించలేదు, లేచి లోపలికి పోబుద్ధి కాలేదు.

"నీ పేరు చెప్పను నాన్నా," అంది చివరికి. "చెప్తే నీ మీదకే తోసేస్తారు."

ఆయన లేచి, సంచి వరండాలోనే వదిలేసి లోపలికి వెళ్ళాడు.

పొద్దున చిన్నీ అమ్మా బయల్దేరేసరికి ఆయన గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. భుజాన సంచి లేదు. వాళ్ళ వెనకే బస్సెక్కాడు. మందుల దుకాణం పక్క మెట్లెక్కేటప్పుడు రెండుచోట్ల ఆగి గోడ పట్టుకున్నాడు.

లాయరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టింది. "వీరు?"

"మా నాన్నగారండీ. ఊరికే తోడొచ్చారు," అంది చిన్ని తొందరగా.

"ఊరికే రాలేదమ్మా," అన్నాడాయన. "సాక్ష్యం చెప్పడానికొచ్చాను."

"మీరు చెప్పేది మీకూ ఇబ్బంది తేవచ్చు. తెలుసుగా?"

"నాన్నా, వద్దు!" చిన్ని లేచి నిలబడింది.

ఆయన కూతురి కట్టు వైపు చూశాడు. ఇన్ని రోజుల్లో దాన్ని తిన్నగా చూడటం అదే మొదటిసారి. తరవాత దాని మొహంలోకి చూశాడు. చిన్ని చూపు తిప్పుకోలేదు. ఆయనకు కావలసింది అంతే.

"రాసుకోండమ్మా," అన్నాడు లాయరమ్మతో. "కట్టమన్నది మేనేజరు, అది తరవాత రాద్దురు గాని. ముందు కట్టింది నేనేనని రాయండి."