గుండీల కార్ఖానాలో తిట్లెవరివి?

తడిసిన గొడుగు ముడవకుండానే ఆ అమ్మాయి లోపలికి వచ్చేసింది.

"మేడమ్, రేపు మా మావయ్య నన్ను పోలీసులకి పట్టిస్తానంటున్నాడు. నేనేం చేశానో నాకే తెలీదు!"

డిటెక్టివ్ ఆమెకు కుర్చీ చూపించింది. అసిస్టెంట్ నోటుపుస్తకం తెరిచాడు.

మావయ్యది గుండీల కార్ఖానా. సరుకంతా పరదేశంలో ఉన్న ఒకే ఒక్క చొక్కాల కంపెనీకి వెళ్తుంది. ఆయన మన భాషలో ఉత్తరం రాస్తే, ముసలి దుబాసీ ఒకాయన వాళ్ళ భాషలోకి మార్చి పంపేవాడు. మూడు నెలల కిందట ఈ మేనకోడలు ఈమెయిళ్ళను అనువదించే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. దుబాసీని ఇంటికి పంపేశారు. నిన్న ఆ కంపెనీ నుంచి జవాబొచ్చింది: "ఇన్నేళ్ళూ అంత మర్యాదగా రాసిన మీరేనా ఈ తిట్లు రాస్తున్నది? ఇక మీ గుండీలు మాకొద్దు."

"ఆ తిట్లు నేనే కలిపానట. తన కుర్చీ మీద కన్నేశానట," అని ఆమె ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నమే డిటెక్టివ్, అసిస్టెంట్ ఇద్దరూ కార్ఖానాకి వెళ్ళారు. డిటెక్టివ్ గుమ్మంలో ఆగగానే యజమాని గర్జించాడు.

"ఏవమ్మా, గుమ్మానికి కాపలాకొచ్చావా? కూర్చో, కూర్చుంటే కుర్చీ అరిగిపోదులే!"

"మీ మెయిళ్ళు చూడాలి."

"చూస్కో! పంతొమ్మిదేళ్ళుగా ఇలాగే రాస్తున్నా. ఒక్కడైనా మూతి ముడిచాడా?"

పంపిన మెయిళ్ళను డిటెక్టివ్ అదే సాఫ్ట్‌వేర్‌తో మళ్ళీ మన భాషలోకి మార్చి, యజమాని రాసినవాటి పక్కన పెట్టింది. మాటకి మాట సరిపోయింది. ఎవరూ ఏమీ కలపలేదు. మరి తిట్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో అసిస్టెంట్‌కి బోధపడలేదు.

తర్వాత ఆమె ఇనప బీరువాలోంచి పాత ఫైలు తీసింది. యజమాని రాసిన కాగితంలో నాలుగే లైన్లున్నాయి. దుబాసీ పంపిన దాని అనువాదం నకలు నిండా ఒక పేజీ ఉంది.

"దీన్నిబట్టి నీకేం తెలిసింది?"

"దుబాసీగారి అక్షరాలు పెద్దవని, మేడమ్," అన్నాడు అసిస్టెంట్ తల గోక్కుంటూ.

మర్నాడు పొద్దున్న యజమాని గదిలో అందరూ చేరారు. కబురందుకుని దుబాసీ కూడా వచ్చాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఈ అమ్మాయి నిర్దోషి," అంది డిటెక్టివ్. "సాఫ్ట్‌వేర్ కూడా నిర్దోషే. ఉన్నదున్నట్టు చెప్పడమే అది చేసిన పాపం. యజమానిగారూ, పోయిన నెల మీ మెయిలు వినండి: 'మీకు బుర్రలో గుజ్జుందా? గుండీకి ఎన్ని చిల్లులో లెక్కపెట్టడం చేతకాకపోతే చొక్కాలు తాళ్ళతో కట్టుకోండి.'"

"అది తిట్టా? మామూలుగా అడిగాను!"

"పంతొమ్మిదేళ్ళూ ఇలాగే అడిగారు. కానీ వాళ్ళకి మర్యాదే అందింది. మీ నాలుగు లైన్లు అక్కడికి చేరేసరికి పేజీ ఎందుకయ్యాయి? దుబాసీగారూ, మీరే చెప్పండి."

దుబాసీ తల దించుకున్నాడు. "తిట్లు తీసేసి, యోగక్షేమాలు కలిపేవాణ్ణమ్మా. అయ్యగారి నోరు చెడ్డది గానీ మనసు మంచిదే. ఆ మనసునే రాశాను."

యజమాని అయోమయంగా అందరి మొహాలూ చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా తనని అంత మర్యాదస్థుడిగా బతికించింది ఈ మనిషా? మేనకోడలి ఎర్రబడ్డ కళ్ళు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"ఏంటే ఆ ఏడుపు మొహం? పో, టీలు పట్రా! ఈ ముసలోడు రేపణ్ణుంచి తగలడతాడేమో కనుక్కో!"

ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. దుబాసీ కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"నీ మీద నింద వేసినందుకు చాలా బాధపడుతున్నారమ్మా. తనని క్షమించమంటున్నారు. దయచేసి నన్ను కూడా మళ్ళీ పనిలోకి రమ్మంటున్నారు."

యజమాని గొంతు సవరించుకున్నాడు గానీ, ఒక్క ముక్క కూడా కాదనలేదు.