డ్రెయిన్ గొట్టం మిషన్

"ఆ డ్రెయిన్ గొట్టం ఊడదీసెయ్, హిల్కా. ఇది ఆర్డర్."

రోవనియెమి ఆఫీసు వెనక గ్యారేజీలో కర్నల్ పెల్టోల ఒక స్నోమొబైల్ ముందు నిలబడి ముక్కు చిట్లిస్తున్నాడు. బండి ఎడమ పక్కన, చూరు నీళ్లు పోయే ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి బోల్టులతో బిగించిన దొప్ప ఉంది. అందులో రెండు జతల స్కీలు. వాటిని పాత ట్రాక్టర్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు కట్టిపడేశాయి. స్కీల మీద బూటు పట్టుకునే క్లిప్పులకు ఊలు సాక్సులు తొడిగి ఉన్నాయి.

"ఊడదీయను సార్," అంది ఏజెంట్ హిల్కా మత్తుస్.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టుంది నీ వ్యవహారం. ల్యాబ్ వాళ్లు ఎస్ఆర్-4 అని స్కీలు పెట్టే ర్యాక్ తయారుచేశారు. కార్బన్ ఫైబర్. నాలుగు స్కీలకు నాలుగు గాడులు. లాక్ గడ్డకట్టకుండా హీటర్. నీతో వచ్చే సమూలి నోరు మూసుకుని తీసుకున్నాడు."

"సమూలి కుర్రాడు సార్, కొత్తది కనిపిస్తే తీసుకుంటాడు. నా బండి, నా స్కీలు, నా గొట్టం. కావాలంటే సస్పెండ్ చేయండి. కానీ తౌనో మాస్టార్ని తీసుకొచ్చాకే."

పెల్టోల నిట్టూర్చాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో హిల్కా ఒక్క ఆర్డరునైనా మొదటిసారి విన్న పాపాన పోలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆయన బాసుకూ తెలుసు.

బ్రీఫింగ్ గబగబా ముగించాడు. తౌనో హైక్కా రిటైరైన రేడియో ఇంజినీరు. 'మాగ్నెట్' అనే విదేశీ ముఠా మన సరిహద్దు రేడియో కోడ్‌లు కొనుక్కుంటోందని మొదట పసిగట్టింది ఆయనే. అమ్ముతున్నవాడి గొంతును రేడియోలో చెవులారా విన్నాడు. రేపు హెల్సింకిలో కమిటీ ముందు ఆ గొంతును గుర్తుపట్టాలి. ఈలోగా ఆయన్ని దాచిన రెండు చోట్లు మాగ్నెట్‌కు తెలిసిపోయాయి. ఇప్పుడు ఏటి అవతల వేటగాళ్ల గుడిసెలో ఉన్నాడు. హెలికాప్టర్ లేస్తే ముఠా కళ్లన్నీ పైకి లేస్తాయి.

"ఏటి దాకానే బండి. మార్చి నెల, ఏటి మీద గడ్డకట్టిన మంచు పలచబడింది. స్నోమొబైల్ ఎక్కితే మునుగుతుంది. అక్కణ్ణుంచి వెళ్లడానికైనా, రావడానికైనా స్కీలే. ఇంకో మాట. ముసలాయన మొన్న కట్టెలకు వెళ్లి తన స్కీలు విరగ్గొట్టుకున్నాడు. సమూలికీ ఇవే మాటలు, అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. దారి చీలే చోట కలుస్తాడు."

"కోడ్ వర్డ్?"

"'కాఫీలో జున్నుందా?' అని మీరు అడగాలి. 'జున్నే ఉంది, కాఫీ లేదు' అని ఆయన అనాలి. ఆ మాట వినకపోతే తలుపు తియ్యడు."

హిల్కా తలూపింది. పాతికేళ్ల క్రితం ఇనారి సరస్సు మీద మంచు పగిలి ఆమె మునిగినప్పుడు, జుట్టు పట్టుకుని పైకి లాగింది తౌనో. రేడియో వినడం నేర్పింది కూడా ఆయనే. 'నిన్ను ఇంటికి తీసుకెళ్లేది నేనే, మాస్టారూ' అని ఆయన్ని మొదటిసారి దాచిన రోజే ఆమె మాటిచ్చింది. ఆ మాట తప్పితే ఇక ఈ ఉద్యోగమెందుకు, ఈ బతుకెందుకు?

చేపలు పట్టే ఆడమనిషి వేషంలో బయలుదేరింది. వేషం అనడానికేముంది, సెలవు రోజుల్లో ఆమె అదే.

*

దారి చీలే చోట సమూలి రౌతియా బండి మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తెల్లటి సూటు, నల్ల కళ్లద్దాలు, పత్రికల్లో అచ్చయ్యే నవ్వు. ఒకప్పుడు స్కీ ఛాంపియన్. డిపార్ట్‌మెంట్‌లో సగం మంది టైపిస్టులు అతని కోసం లిప్‌స్టిక్ మార్చారు. మిగతా సగం మంది ఉద్యోగం మార్చారు.

"రా అక్కా. ఏంటా గొట్టం? చూరు పీక్కొచ్చావా?"

"మా బావగారి చూరు. ఆయనకింకా తెలీదు."

సమూలి పగలబడి నవ్వాడు. ఫ్లాస్కు తీసి కాఫీ పోశాడు. హిల్కా కప్పు అందుకుని అతని బండి చుట్టూ తిరిగింది. ఎస్ఆర్-4 నిజంగానే ముచ్చటగా ఉంది. లాక్ మీద చిన్న పచ్చ దీపం వెలుగుతోంది. రెండు గాడుల్లో రెండు స్కీలు. వాటి క్లిప్పులు తెరిచే ఉన్నాయి, బండి పట్టా ఎగజిమ్మిన మంచు పొడి వాటిలో దట్టంగా కూరుకుంది. ఇంజిన్ వేడికి కరిగి, గాలికి మళ్లీ గడ్డకట్టి గాజులా మెరుస్తోంది.

మిగతా రెండు గాడులు ఖాళీ.

హిల్కా ఆ ఖాళీ గాడుల దగ్గరే ఆగిపోయింది. ఆ దేశంలో పసిపిల్లకైనా తెలిసిన సంగతి ఒకటుంది. మనిషిని తీసుకురావడానికి వెళ్తే మనిషి స్కీలు తీసుకెళ్తారు. తిండి మర్చిపోతారు, తుపాకీ మర్చిపోతారు, అవి మర్చిపోరు.

"తౌనోకి స్కీలేవి, తమ్ముడూ?"

"ఆయనకెందుకక్కా? బండి మీద వెనక కూర్చుంటాడు."

అనేశాక అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. ఏటి ఇవతల దాకానే బండి. ఆ సంగతి బ్రీఫింగ్‌లో అతనూ విన్నాడు. ఆ ముసలాయన తిరిగి వచ్చే మనిషే కాదని లెక్కేసుకున్నవాడికి ఆయన తిరుగు దారి ఎందుకు గుర్తుంటుంది?

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. సమూలి చెయ్యి జేబులోకి వెళ్లింది. హిల్కా వేడి కాఫీ అతని మొహాన కొట్టి తన బండి వెనక్కి దూకింది. తుపాకీ రెండుసార్లు పేలింది. ఒక గుండు ఇంజిన్‌లో దిగింది, పెట్రోలు కారింది. మంచులో బోర్లాపడి హిల్కా ఎదురు కాల్చింది. అతని నల్ల కళ్లద్దాలు ఎగిరిపోయాయి గానీ మనిషికి తగల్లేదు.

"నీతో టైం వేస్ట్ చేసుకోను. ఇక్కడే కూర్చుని నీ గొట్టానికి కథలు చెప్పుకో!" అని అరిచి సమూలి బండి ఉరికించాడు. ఏటి దారి పట్టాడు.

"సిగ్గులేని వెధవా," అంది హిల్కా. "మా మాస్టార్ని చంపుతావా? నేనుండగానా?"

బండి చచ్చింది. సరే. అసలు బండికి స్కీలు కట్టుకుని తిరిగేదే ఇందుకు కదా. రబ్బరు పట్టీలు లాగింది, స్కీలు జారి చేతికొచ్చాయి. సాక్సులు ఊడదీసింది. క్లిప్పులు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. బూటు పెట్టగానే టక్కుమన్నాయి. తౌనో కోసం తెచ్చిన జతను వీపుకు అడ్డంగా కట్టుకుని, పట్టీలు నడుముకు చుట్టుకుంది. ఏటి దారి గుట్ట చుట్టూ తిరిగి పోతుంది. ఆమె గుట్ట మీదికే ఎక్కింది.

*

ఏటి ఒడ్డున సమూలి మోకాళ్ల మీద కూర్చుని క్లిప్పుల్లో మంచును కత్తితో గీకుతున్నాడు. నోటితో ఊదాడు. ఒంటేలు పోశాడు, ఛాంపియన్లకూ అవసరం వస్తుంది. ర్యాక్ పచ్చ దీపం మాత్రం హాయిగా వెలుగుతోంది. చివరికి ఒక క్లిప్పు పట్టింది. రెండోది చస్తే పట్టలేదు. స్కీలు లేకుండా అడుగేస్తే నడుం దాకా కూరుకుపోయే మంచు. ఒంటి స్కీ మీద, ఒక కాలు దిగబడుతూ, ఏరు దాటి తిట్టుకుంటూ గుడిసె వైపు కుంటుతూ నడిచాడు.

గుట్ట మీదికెక్కేసరికి హిల్కాకు ఊపిరి అందడం లేదు. కింద గడ్డకట్టిన ఏరు, దాని అవతలి ఒడ్డునే గుడిసె, పొగ గొట్టం, తలుపు ముందు తెల్ల సూటు. గురి చూడ్డానికి దూరం ఎక్కువ. స్కీలను నేరుగా కిందికి, ఏటి మంచు మీదుగా వదిలింది.

సమూలి గొంతు తేనె పూసినట్టు వినిపించింది. "కాఫీలో జున్నుందా?"

లోపల్నుంచి ముసలి గొంతు. "జున్నే ఉంది, కాఫీ లేదు. ఉండు బాబూ, వస్తున్నా."

గడియ కదిలింది. సమూలి తుపాకీ పైకి లేచింది.

"మాస్టారూ!" గుట్టంతా మార్మోగేలా అరిచింది హిల్కా. "నీ స్కీలు నా దగ్గరున్నాయి! వాడు తేలేదు!"

తెరుచుకోబోయిన తలుపు ధనామని మూసుకుంది. ఇంకే వివరమూ ఆ ముసలాయనకు అక్కర్లేదు. గుండు తలుపులో దిగింది. సమూలి గిర్రున వెనక్కి తిరగబోయాడు. కానీ ఒంటి స్కీ మీద నిలబడ్డవాడు గిర్రున తిరగలేడు. దిగబడ్డ కాలు రాలేదు, రెండో కాలు జారింది. అప్పటికే హిల్కా వీపు మీది స్కీల జత రెండు చేతుల్లోకి తీసుకుంది. వచ్చిన ఊపులోనే అతని మణికట్టు మీద ఒకటి, నెత్తి మీద ఒకటి తగిలించింది. తుపాకీ ఒక దిక్కున, ఛాంపియన్ ఒక దిక్కున పడ్డారు.

తౌనో తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. "నా స్కీలేమన్నా విరిగాయా, పిల్లా?"

"లేదు మాస్టారూ. వాడి మణికట్టు విరిగినట్టుంది."

"తలుపు చాటున పోల్చుకోలేకపోయాను గానీ, రేడియోలో విన్న గొంతు ఇదే," అన్నాడు తౌనో, కిందపడి తిట్టుకుంటున్న సమూలిని చూస్తూ. హిల్కా ఆయన్ని గట్టిగా కావలించుకుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ట్రాక్టర్ ట్యూబు పట్టీలతో సమూలి చేతులు కట్టి, గుడిసెలో పొయ్యి పక్కన కూర్చోబెట్టారు.

"అక్కా, మాగ్నెట్ వాళ్లకు చెప్పి నీకూ వాటా ఇప్పిస్తాను," అన్నాడు. కాసేపాగి, "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు.

"కదలకు బాబూ. సరిహద్దు గార్డులొచ్చి తీసుకెళ్తారు. పారిపోవాలనుకుంటే పారిపో, తలుపు తీసే ఉంటుంది," అంటూ హిల్కా అతని స్కీలు చంకన పెట్టుకుంది.

*

తౌనో సాక్ష్యం చెప్పిన సాయంత్రం పెల్టోల హిల్కాను పిలిపించాడు.

"శభాష్. కానీ రూల్ రూలే. ఎస్ఆర్-4 వాడమన్నాను. వాడనన్నావు. ఆర్డర్ ధిక్కరించావని పైవాళ్లకు రాయాలి."

"అబద్ధం రాయకండి సార్. వాడాను."

"ఎప్పుడు?"

"తిరుగు ప్రయాణంలో. సమూలి బండి మీదే వచ్చాం కదా. మాస్టారివీ నావీ, నాలుగు గాడులూ నిండాయి. మంచి ర్యాక్ సార్," అంటూ హిల్కా జేబులోంచి ఊలు సాక్సులు తీసి బల్ల మీద పెట్టింది. "ల్యాబ్ వాళ్లకు చెప్పి వీటిని కూడా తొడిగించండి."