గోడకు ఏడు రోజుల నీళ్లు

ఆ అమ్మాయి చేతిసంచిలోంచి గోడ తీసి కౌంటరు మీద పెట్టింది.

గోడంటే మొత్తం గోడ కాదు, భోజనం పళ్లెమంత పెచ్చు. పాత దినపత్రికలో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి తెచ్చింది. కాగితం విప్పితే దాని నిండా సన్నటి బీటలు. హార్డ్‌వేర్ షాపులో ఆ ఆదివారం ఉదయం అభిమానులతో ఫొటోలు దిగుతున్న వీడియో సారు, చేతిలో డ్రిల్లింగ్ మెషీన్ ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సారు అన్నది జనం తగిలించిన పేరు. వయసు ఇరవైతొమ్మిదే. ‘మన ఇల్లు మన చేతులు’ అని వారానికో వీడియో పెడతాడు. పాత ఇల్లు బాగుచేసుకోవడానికి ఎవరినీ పిలవక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలన్నది అతని సిద్ధాంతం. రెండు లక్షలమంది ఆ ధైర్యం తెచ్చుకున్నారు. వాళ్లలో ఎందరి కుళాయిలు ఇప్పుడు కారుతున్నాయో ఆరా తీసినవాళ్లు లేరు. షాపు యజమానికి మాత్రం సారంటే ప్రాణం. మేస్త్రి అయితే సామాను ఒకసారి కొంటాడు, సొంతంగా చేసుకునేవాళ్లు మూడుసార్లు కొంటారని ఆయన అనుభవం.

“ఇది మీ నలభై రెండో వీడియో,” అంది ఆ అమ్మాయి పెచ్చును వేలితో చూపిస్తూ.

మందుల షాపులో పనిచేస్తుందట. వీడియోను పదకొండుసార్లు ఆపి ఆపి చూసి నోటుపుస్తకంలో రాసుకుందట. సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్లు. ఇసుక రెండుసార్లు జల్లించింది. ఇటుక కడిగింది. బద్దతో సమం చేసింది. మూడోరోజుకి పూత బీటలు తీసింది, ఆరోరోజుకి ఊడి కింద పడింది.

సారు గొంతు సవరించుకుని, ఇసుకలో నాణ్యత లేకపోతే ఇలాగే అవుతుందన్నాడు. ఇసుక ఈ షాపులోదే అంది ఆమె. యజమాని ఉన్నట్టుండి మేకుల డబ్బా సర్దడంలో పడ్డాడు. అయితే గాలిలో తేమ అన్నాడు సారు.

“మీరు చెప్పింది చెప్పినట్టు చేశానండి. ఎక్కడ తప్పిందో వచ్చి చూసి చెప్పండి. తేమ కూడా అక్కడే ఉంది, చూద్దురుగాని.”

వెళ్లండి సార్, మంచి వీడియో అవుతుంది అని వెనకనుంచి ఒక అభిమాని ఎగదోశాడు. ఇక తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

దారి పొడుగునా సారు ఏదో ఒక సాకు వెతుక్కుంటూనే ఉన్నాడు. ఎందుకంటే అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్క గోడ కూడా పూయలేదు. వీడియోల్లో పనిచేసే చేతులు ఒక మేస్త్రివి. అందుకే ఎప్పుడూ పసుపుపచ్చ గ్లౌజులు. మాటలు సారువి, చేతులు మేస్త్రివి, పేరు మాత్రం సారుది. ఆ మేస్త్రేమో స్లాబు పని మీద వేరే ఊరు వెళ్లి కూర్చున్నాడు, నెలాఖరుకి గాని రాడు.

ఇల్లు చిన్నది, వయసు పెద్దది. ఆమె పిన్ని పోతూ దాన్ని ఆమె, అన్నయ్య ఇద్దరి పేరా రాసిపోయింది. అన్నయ్యకు దాన్ని కూల్చి బిల్డరుకిచ్చేయాలని ఉంది. ఎనిమిదేళ్లుగా హాస్టల్లో, మంచం కింద పెట్టెతో బతికిన చెల్లెలికి తన చేత్తో తలుపు వేసుకోగలిగే గది ఒకటి కావాలని ఉంది. ఇల్లు నిలబెట్టుకోవడమంటే సీసాల మీద చీటీలు అంటించడం కాదని అన్నయ్య ఎగతాళి చేశాడు. ఆమెకు రోషం వచ్చింది. కూలివాణ్ని పెట్టకుండా నా చేతులతో ముందుగది బాగుచేస్తాను, రెండు నెలల్లో అది మనిషి ఉండేలా లేకపోతే కాగితాల మీద నేనే సంతకం పెడతాను అని వదిన ముందే అనేసింది. ఆ గడువుకి ఇంక రెండు వారాలుంది. ఇదంతా తాళం తీస్తూ, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది.

చెప్పి, కాస్త సిమెంటు కలిపి తాపీ అతని చేతిలో పెట్టింది. గ్లౌజులు తేలేదన్నాడు. చేతులున్నాయి కదా అంది.

మొదటి తాపీడు జారి అతని బూటు మీద పడింది. రెండోది ఎగిరి నుదుటికి అంటుకుంది. మూడోది గోడను పట్టుకుని, కాసేపు ఆలోచించుకుని, అప్పుడు పడింది.

ఆమె బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుంది.

“వీడియోలో చేతులు మీవి కావు కదూ.”

అతను నుదుటిమీది సిమెంటు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, ఎలా తెలుసని అడిగాడు.

“పొద్దస్తమానం నేను చూసేవి చేతులే. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. గ్లౌజు కొస మడతపడుతూ ఉంటుంది. మూడోసారి చూసినప్పుడే తెలిసింది. మీకు పదివేళ్లూ నిక్షేపంగా ఉన్నాయి.”

“తెలిసి కూడా నన్నెందుకు తీసుకొచ్చారు?”

“ఆ చేతులు పూసిన గోడ నిలిచింది కదా. అవి ఎవరివో అడుగుదామని. షాపులో అంతమంది ముందు అడిగితే మీ పరువు పోతుందని ఇక్కడిదాకా తెచ్చాను.”

పరువు పోవడం ఇంత మర్యాదగా ఉంటుందని సారుకి తెలియదు. మారు మాట్లాడకుండా మేస్త్రికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. మేస్త్రి అటునుంచి ఒక్కొక్కటే అడిగాడు. పాళ్లు సరే. జల్లించడం సరే. మందం సరే.

“తడిపారా మరి?”

“ఏది?” అంది ఆమె.

“గోడ తల్లీ. పూసిన మర్నాటినుంచి ఏడు రోజులు పూటపూటా నీళ్లు కొట్టాలి కదా. కొట్టకపోతే అది గోడెట్టా అవుద్ది, అప్పడమవుద్ది.”

ఆమె నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీనుంచి వెతికింది. వెనక్కి వచ్చి మళ్లీ వెతికింది. ముఖం చిన్నబోయింది. “నేనే చూసుకోకుండా రాసుకుని ఉంటాను. తప్పు నాదే. అన్నయ్య ఊరికే అనలేదు, నా చేతుల్లోనే లేదేమో ఈ పని.”

సందు దొరికింది. ఊ అని తలూపితే చాలు, బయటపడొచ్చు. సారు తలుపువైపు చూశాడు, ఆమె చేతులవైపు చూశాడు. గోళ్ల చుట్టూ సిమెంటు కొరికిన పుళ్లు.

“పుస్తకంలో లేకపోవడం మీ తప్పు కాదు,” అన్నాడు. “మేస్త్రి ఏడు రోజులూ తడిపాడు. నేను షూట్ చేశాను కూడా. తర్వాత నేనే కత్తిరించేశాను. నీళ్లు కొట్టే దగ్గర జనం వీడియో వదిలేసి వెళ్లిపోతున్నారు.”

ఆమె నోటుపుస్తకం మూసింది.

“మా షాపుకి కొందరు వస్తుంటారు,” అంది. “డాక్టరు ఏడు రోజులు రాస్తే రెండోరోజుకి మానేసి, మందు మంచిది కాదని మా మీద పడతారు. ఇన్నాళ్లూ వాళ్లకి బుద్ధిలేదనుకున్నాను. చీటీలో సగం మీలాంటివాళ్లెవరో కత్తిరించి ఉంటారు.”

ఆమె తిట్టినా బాగుండేదనుకున్నాడు అతను.

వేళ్లు మడిచి లెక్కేస్తే పని పూర్తిచేయడానికి సరిగ్గా సరిపోయేంత గడువుంది. పాతది చెక్కడానికి రెండు రోజులు, పూయడానికి ఒకటి, తడపడానికి ఏడు, ఆరడానికి మూడు. కాని ఆమె ఉదయం వెళ్తే సాయంత్రానికి గాని రాదు. మధ్యాహ్నం నీళ్లెవరు కొడతారు?

“నేను కొడతాను,” అన్నాడు.

“వీడియో తీస్తారా?”

“తియ్యను.”

“మరి మీకేమొస్తుంది?”

ఆలోచించాడు. నీళ్లు కొట్టడం వస్తుందన్నాడు.

పూత రోజు ఆమె సెలవు పెట్టింది. ఫోన్ కిటికీలో నిలబెట్టారు. మేస్త్రి అందులోంచి తొంగిచూస్తూ, రెండేళ్లు నా చేతులకి నీ మొహం అతికించుకు తిరిగావు, ఇప్పుడు నీ చేతులకి నీ మొహం అతుకు బాబూ అని మధ్యాహ్నం దాకా తిట్టి, తర్వాత అలిసిపోయి పని నేర్పాడు. ఆమె చెయ్యి చురుకు. సాయంత్రానికి మూడొంతుల గోడ ఆమె పూసింది. కిందిమూల ఒకటి అతని వాటాకి వచ్చింది.

మర్నాటినుంచి నీళ్లు. తాళంచెవి ఆమె గుమ్మం పైన పెట్టి వెళ్లేది. వీడియోలో గోడ పదకొండు నిమిషాల్లో అయిపోయేది. ఇక్కడ బక్కెట్టు నింపి, మగ్గుతో చల్లి, అది పీల్చుకునేదాకా కూర్చోవాలి. మొదటిరోజు విసుగొచ్చింది. రెండోరోజు బక్కెట్టు మీద మందు కవరు అంటించి ఉంది. దానిమీద మందుల షాపు రాత: ‘ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు. మానకూడదు.’ కింద అతను రాశాడు: ‘రోగి కోలుకుంటున్నాడు. కాపలా మనిషికి ఆకలి.’ మూడోరోజు కవరు పక్కన టిఫిన్ డబ్బా ఉంది. ‘భోజనానికి ముందు నీళ్లు. గోడకి.’

నాలుగోరోజునుంచి అతను రోజుకి ఆరుసార్లు తడపసాగాడు. సాయంత్రపు వంతు ఆమెది, అప్పటికి కూడా ఇంకా ఏదో తడి చాలనట్టు అక్కడే ఉండేవాడు. మేస్త్రి ఫోన్లో నవ్వి, చాల్లే బాబూ, ఇట్టా పోస్తే గోడ మొలకెత్తుద్ది అన్నాడు.

ఐదోరోజు కుండపోతగా వాన పట్టుకుంది. అతను మోకాళ్లదాకా బురదతో వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆమె మగ్గు పట్టుకుని నిలబడి ఉంది.

“వాన కదా, ఇవాళ రారనుకున్నాను,” అంది.

“ఇది లోపలి గోడ. దీనికి వానేం తెలుసు?”

“నేనూ అదే చెప్పి అనుమతి అడిగి వచ్చాను. లోపలి గోడ అని. మా యజమాని నావైపు అదోలా చూశాడు.”

ఇద్దరూ తడిపారు. బయట చూరు కారుతోంది, లోపల గోడ కారుతోంది, మధ్యలో అతని చొక్కా కారుతోంది. ఆమె తువ్వాలు అందించి, తల తుడుచుకోమని చెప్పి, తుడుచుకోవడం రాకపోతే మేస్త్రికి ఫోన్ చెయ్యమంది.

“ఏడు రోజులూ అయ్యాక?” అని అడిగాడతను తువ్వాలు లోపలినుంచే.

“ఆరబెట్టాలి. ఆదివారం అన్నయ్య వస్తాడు.”

“నేనడిగింది అది కాదు.”

“తెలుసు,” అంది ఆమె గోడవైపు తిరిగి. “ముందు ఈ ఇల్లు నాకు మిగలనివ్వండి.”

ఆదివారం అన్నయ్య చంకలో ఫైలుతో వచ్చాడు. గుమ్మంలో ఒక కాలు పెట్టి రెండోది పెట్టడం మరిచిపోయాడు. రెండు లక్షలమందిలో ఆయనొకడు.

“సార్, మీరా? మా చెల్లెలికి మీరు నేర్పారా?” చెల్లెలివైపు తిరిగాడు. “ముందే చెప్పొద్దటే? సార్, గోడ బాగుంది అని మీరొక్క మాటనండి చాలు. ఈ కాగితాలు ఇక్కడే చింపేస్తాను.”

ఒక్క మాట. సారు బతుకంతా మాటలతోనే గడిచింది, అందులో ఒకటి. ఆమె అతనివైపు చూడలేదు. కిటికీ చెక్క మీద లేని దుమ్ము తుడుస్తోంది.

“నా మాట మీద చింపకండి,” అన్నాడతను. “నేను వీడియోల్లో ఒక్క గోడ కూడా పూయలేదు. అవి మేస్త్రి చేతులు. ఎప్పుడేం కత్తిరించానో కూడా నాకు గుర్తులేదు. గోడని కొట్టి చూసుకోండి.”

అన్నయ్య రెండో కాలు కూడా లోపల పెట్టాడు. “మరి మా బాత్‌రూమ్? మీ ముప్పయ్యో వీడియో చూసి నేనే చేశాను. ఏడాదిగా చెమ్మ.”

“మీ తప్పు కాదండీ. నాదే.”

కోపం రావలసిన చోట అన్నయ్య ముఖంలో ఏదో వెలిగింది. ఆ ముక్క మా ఆవిడకి ఫోన్లో చెప్తారా అని అడిగాడు. చెప్తానన్నాడతను. అన్నయ్య వెలుగు ఆర్పుకుని, తాళాలగుత్తి తీసి గోడను పైనుంచి కొట్టుకుంటూ వచ్చాడు. కణ్, కణ్ అని గట్టిగా పలికింది. కిందిమూలకి వచ్చేసరికి డొల్లగా మోగింది. మళ్లీ కొట్టాడు. అదే మోత. ఫైలు చేతిలోకి తీసుకున్నాడు.

“అది నేను పూసింది,” అన్నాడతను.

ఆమె గోడ దగ్గర గొంతుక్కూర్చుంది. వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి వింటూ, పెన్సిలుతో ఒక గీత గీసుకుంటూ వచ్చింది. గీత గుండ్రంగా మూసుకుంది.

“ఇంతవరకే. ఇక్కడ పూయకముందు ఇటుక సరిగా తడవలేదు, అందుకే పట్టుకోలేదు. చెక్కేసి, కడిగి, పూసి, మళ్లీ వారం తడిపితే సరిపోతుంది. మిగతా గోడకి ఢోకా లేదు.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదన్నయ్యా. రెండుసార్లు పూశాను కదా, ఒకసారి ఊడింది.”

అన్నయ్య వంగి ఆ పెన్సిలు గీతను చాలాసేపు చూశాడు. గీత బయట ఒకసారి కొట్టాడు, లోపల ఒకసారి కొట్టాడు. తర్వాత ఫైలు తాడు బిగించి చంకలో పెట్టుకుని, బిల్డరుకి రేపు ఏదో ఒకటి చెప్తానన్నాడు. గదంతా కలయజూసి, కిటికీకి పరదా కావాలి, మీ వదిన దగ్గరొకటి ఉంది అన్నాడు. ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకుని లేచింది.

గుమ్మం దగ్గర అన్నయ్య ఆగాడు. గడ్డంతో అతనివైపు చూపించాడు.

“సారు కాదన్నాడు. మేస్త్రీ కాదు. మరి ఈ ఇంట్లో ఇతనెవరు?”

అతను పోయి బక్కెట్టు పక్కనున్న మగ్గు తీసుకున్నాడు.

“పని నేర్చుకుంటున్నారు,” అంది చెల్లెలు.

“ఎప్పటికి వస్తుందట?”

ఆమె అతన్ని నిదానంగా చూసింది.

“తొందరేముందన్నయ్యా,” అంది. “ఇక్కడే ఉంటారుగా.”