చీటీలో లారీ

ఉదయం ఆరున్నరకల్లా అమలమ్మ ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగి తీరాల్సిందే. కరెంటు పోయినా, ఆటోనగర్‌లో కొడుకు షెడ్డు ముందు మూడు లారీలు రిపేరుకు వచ్చి నిలబడినా ఆ వేళ మారదు. కొడుకు జాన్సన్ ఆవలిస్తూ వచ్చి చాప మీద కూలబడతాడు. కోడలు హెలెన్ నర్సు యూనిఫాం వేసుకుని, ఒక కన్ను గడియారం మీదే ఉంచి కూర్చుంటుంది. అందరికీ ముందే వచ్చి నానమ్మ పక్కన చోటు పట్టేది మాత్రం ఎనిమిదేళ్ల ఏంజెల్.

బైబిలు వాక్యం చదివే పని ఏంజెల్‌దే. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వరసల కింద వేలు జరుపుతూ గడగడా చదివేస్తుంది. చర్చిలో కంఠత వాక్యాల పోటీ పెడితే మొదటి బహుమతి ఇంకెవరికీ దక్కదు. ఆ కప్పులన్నీ షోకేసులో వరసగా ఉంటాయి. ఇంటికి ఎవరొచ్చినా అమలమ్మ వాటిని చూపించకుండా కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు.

ఆ ఏప్రిల్ ఉదయం కూడా ఏంజెల్ రిబ్బను ఉన్న పేజీ తీసి మొదలుపెట్టింది. నాలుగు వరసలైనా కాలేదు, హెలెన్ వంగి చూసి, "ఆగు! ఎక్కడ చదువుతున్నావే?" అంది.

"ఇక్కడే అమ్మా."

"అక్కడ ఆ మాటల్లేవు."

అమలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. క్రితం సాయంత్రం దుమ్ము దులుపుతూ రిబ్బను తీసి ఎక్కడో పెట్టింది తనే. పేజీ మారిపోయింది. పిల్ల మాత్రం తను ముందురోజు నేర్పిన భాగమే అప్పజెబుతోంది.

"ఇదేంటో చదువు," అంటూ హెలెన్ ఒక మాట మీద వేలు పెట్టింది. ఏంజెల్ పుస్తకం వైపు చూడలేదు. నానమ్మ పెదవుల వైపు చూసింది.

బడి పుస్తకం తెచ్చి మధ్యలో ఎక్కడ తెరిచినా పిల్ల నానమ్మ వైపే చూసింది. హెలెన్ పిల్లను కొత్తిమీర తెమ్మని వీధి చివరి బండి దగ్గరికి పంపేసి, తలుపు దగ్గరగా వేసింది.

"మూడో క్లాసు అయిపోయిందండీ! చూసి ఒక్క ముక్క చదవలేదు. టీచర్లు కూడా కనిపెట్టలేకపోయారంటే మీ అమ్మగారు ఎంత బాగా బట్టీ పట్టించారో చూడండి."

"నేనేం చదివానే? పానా పట్టుకుని బతకట్లేదా?" అన్నాడు జాన్సన్.

"మీరు కాసేపు ఊరుకుంటారా?"

"నేను కావాలని చేశానా హెలెనూ?" అంది అమలమ్మ.

"కావాలని చేశారనట్లేదు అత్తయ్యా. చేశారంటున్నాను. నాకు డ్యూటీలు. దగ్గర కూర్చుని చదివించే తీరిక లేదు. జూన్‌లో హాస్టల్ స్కూల్లో వేసేస్తాను. వాళ్లే దారిలో పెడతారు."

"జడ వేసుకోవడం కూడా రాదమ్మా దానికి! నేను పాడుచేసింది నేనే బాగుచేస్తాను. స్కూళ్లు తెరిచేదాకా ఆగు."

హెలెన్ గడియారం చూసి బ్యాగు అందుకుంది. చివరికి, "మే ఆఖరుదాకా చూస్తాను. అంతే," అంది.

హెలెన్ మాటలో అబద్ధం లేదు, అదే అమలమ్మను ఎక్కువ కోసింది. పెళ్లయిన కొత్తలో ఉయ్యూరు దగ్గర చెరుకు కోతకు వచ్చిన వాళ్ల పిల్లలకు అమలమ్మ సండేస్కూలు చెప్పేది. ముప్పై మంది పిల్లలకు ఉన్నది ఒక్క పుస్తకం. తను ఒక మాట చెప్పడం, వాళ్లు దాన్ని పదిసార్లు అనడం, అంతే పాఠం. పుస్తకాలు లేనిచోట ఆ పద్ధతి దేవుడిచ్చిన వరంలా పనిచేసింది. ఇంటినిండా పుస్తకాలున్న మనవరాలికి కూడా ఆమె అలాగే నేర్పింది.

మొదటి వారమంతా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని వాచకం చదివించబోయింది. అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపి చదవడమే రాదు. రోజూ ఏడుపే. నాలుగోరోజు వాచకం మాయమైంది. వెతగ్గా వెతగ్గా బియ్యం డ్రమ్ములో, బియ్యం అడుగున దొరికింది. అమలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ పాత కథేదో మొదలుపెడితే, ఏంజెల్ అందుకుని చివరిదాకా పొల్లుపోకుండా చెప్పేసింది. అమలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దీనికి ముందే తెలిసినదైతే ఇక చదవడమెందుకు? తెలియనిది కావాలి. ఇంట్లో ఎవరూ చెప్పనిది కావాలి.

మర్నాడు ఏంజెల్ ఇడ్లీ ప్లేటు కింద ఒక చీటీ కనిపించింది. పెద్ద పెద్ద అక్షరాలు.

"నానమ్మా, ఏంటిది?"

"మీ నాన్న షెడ్డులోని ముసలి లారీ కథ. హనుమాన్ జంక్షన్ దాటనని మొండికేసింది. ఎందుకో అందులో రాశాను."

"చదువు మరి!"

"ఇంట్లో ఎవ్వరూ నీకు చదివి పెట్టకూడదు. అది రూలు."

ఏంజెల్ చీటీని కిందపడేసింది. కాసేపటికి వచ్చి తీసుకుంది. తండ్రిని బతిమాలింది. "మీ నానమ్మ నన్ను ఇంట్లోంచి గెంటేస్తుందే తల్లీ," అని ఆయన బండెక్కేశాడు. అలిగి గుమ్మంలో కూర్చుంది. తోటి పిల్లలకైతే అర నిమిషం పట్టే ఆ రెండు వరసలకు ఏంజెల్‌కు గంట పట్టింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అమలమ్మకు ఒక్కసారిగా కేక వినబడింది.

"పిల్లి! బానెట్ లోపల పిల్లి ఉంది నానమ్మా! నాలుగు పిల్లల్ని పెట్టింది! అందుకే లారీ కదలట్లేదు!"

అమలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయల నెపం ఉండటం మంచిదైంది.

ఆ రోజు నుంచి రోజుకొక చీటీ. నిన్నటిది కంఠతా వచ్చినా నేటికి పనికిరాదు. సరిగ్గా ఉత్కంఠ దగ్గర అమలమ్మ ఆపేసేది. ఆనక చీటీలు దాచడం కూడా మొదలుపెట్టింది. దిండు గలీబులో ఒకరోజు, పోపుల డబ్బాలో ఒకరోజు. పక్కింటి మనోజ్ఞ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుని, "ఇవాళేమైందే లారీకి?" అని అడిగేది. ఏంజెల్ కూడబలుక్కుంటూనే చదివి వినిపించేది.

హెలెన్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. "మీరు చెవిలో చెప్పే ఉంటారు అత్తయ్యా. ఆ చీటీలు కూడా బట్టీ పట్టేస్తుంది," అనేది. ఎంత చెప్పినా వినలేదు. హాస్టల్ దరఖాస్తు నింపి, జాన్సన్ సంతకం కోసం టీవీ కింద పెట్టింది. ఆ సంగతి అమలమ్మకు కూడా తెలియదు.

మే నెలాఖరు ఉదయం ప్రార్థన అయిపోగానే ఏంజెల్ చీటీ వేటలో పడింది. డబ్బాలు అయ్యాయి, దిండ్లు అయ్యాయి. టీవీ కింద మడత పెట్టిన కాగితం దొరికింది.

"దొరికిందోచ్!" అని హాలు మధ్యలో నిలబడి గట్టిగా అందుకుంది. "తల్లిదండ్రులకు సూ... సూచనలు. పిల్లలను నెలలో ఒక్క ఆదివారం... మాత్రమే... చూడవచ్చును." తలెత్తి, "నానమ్మా, ఇందులో లారీ లేదేంటి?" అంది.

దువ్వుకుంటున్న హెలెన్ చెయ్యి ఆగిపోయింది. జాన్సన్ చెప్పులు వేసుకోబోతూ నిలబడిపోయాడు.

"విద్యార్థి పేరు... ఏంజెల్. ఇది నా పేరే!" పిల్ల మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "అమ్మా, నువ్వు నన్ను నెలకి ఒక్క ఆదివారమే చూస్తావా?"

"నీకీ మాట ఎవరు చెప్పారే?" అంది హెలెన్ దువ్వెన పక్కన పడేసి.

"ఎవరో చెప్పడమేంటమ్మా? ఇందులో రాసుందిగా."

హెలెన్ ఉన్నచోటనే కూర్చుండిపోయింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చేసింది. "చదివిందండీ! చూసి చదివింది! అత్తయ్యా, నేను నమ్మలేదు, నన్ను..."

"ఊరుకో అమ్మా. నువ్వు ఆ రోజు వంగి చూడకపోతే నేను ఇంకా కప్పులు లెక్కపెట్టుకుంటూనే ఉందును," అంది అమలమ్మ, కోడలి తల నిమురుతూ.

జాన్సన్ ముక్కు చీదుకుని, "మరి ఇవాళ్టి లారీ సంగతేంటి?" అన్నాడు. అతను కూడా రోజూ ఆ చీటీల కోసం చూస్తున్నాడని అప్పుడే బయటపడింది.

హెలెన్ కళ్లు తుడుచుకుంది. దరఖాస్తు తిరగేసి, వెనక ఖాళీగా ఉన్నవైపు ఏదో రాయడం మొదలుపెట్టింది. డ్యూటీకి వేళ మించిపోతున్నా తలెత్తలేదు. అమలమ్మ ఆగలేక కళ్లజోడు సవరించుకుని తొంగిచూసింది.

ఏంజెల్ చటుక్కున కాగితం లాగేసుకుంది. "నువ్వు చూడకూడదు నానమ్మా! రూలు! నేనే చదివి పెడతాను, కూర్చోండి."

ముగ్గురూ బుద్ధిగా చాప మీద కూర్చున్నారు. ఏంజెల్ వేలు కూడా పెట్టకుండా, వీధంతా వినబడేలా చదివింది.

"పిల్లి తన పిల్లలతో క్యాబిన్లోకి మారింది. ముసలి లారీ గట్టిగా హారన్ కొట్టి, హనుమాన్ జంక్షన్ దాటేసింది!"