పరుగుదీపం

"రెండో రేవు నుంచి బయల్దేరు లాంచీ పట్టిసీమ, పోలవరం మీదుగా పాపికొండలు పోవును. ప్రయాణికులు లైఫ్‌జాకెట్లు తీయరాదు. పిల్లలను అంచున నిలబెట్టరాదు" అని గడగడా చదివేస్తూ మంగవేణి పరుగెడుతోంది. గోడ మీద పరుగుదీపం ఆమెకి రెండు బారల ముందు పసుపుపచ్చగా జారుకుంటూ పోతోంది. దాన్ని దాటకూడదు, కంటికి ఆనకుండా పోనివ్వకూడదు. పైకప్పులో వరసగా బిగించిన చెవులు ఆమె మాట వింటున్నాయి.

"ఈ లాంచీ నిన్న కూడా ఎక్కించావు కదమ్మా నన్ను" అన్నారు పక్కన పరుగెడుతున్న అబ్బులుగారు. మాటకీ మాటకీ మధ్య ఆయనకి ఊపిరి అడ్డం పడుతోంది. "కొత్త... సంగతేదైనా... చెప్పు."

"భద్రాచలం లాంచీ చెప్పనా?"

"అదీ విన్నాను."

రాజమండ్రి గట్టు నుంచి కొవ్వూరు దాకా, వాడకం మానేసిన రైలువంతెన మీద వేసిన గొట్టం అది. బయట ఎండకి ఇనుము వేగిపోతుంది కాబట్టి లోపల చల్లగాలి తోలుతారు. కింద గోదారి ఉందని వినడమే తప్ప కనపడదు. ఇద్దరు పట్టేంత వెడల్పు. జంట వెనక జంట, ఒకళ్ళని ఒకళ్ళు దాటే దారి లేదు. అందరి రొమ్ము కిందా ఒక మొలకసంచి.

సంచిలో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో నిమ్మకాయంత గుండెమొలక. మంగవేణి మోస్తున్నది వాళ్ళక్క సత్యవేణి కోసం. అక్క కొవ్వూరు ఆసుపత్రిలో ఉంది. ఆవిడ గుండె సగం పని మానేసింది, మిగతా సగానికి ఈ మొలకని అంటుకట్టాలి. మొలకకి కొట్టుకోవడం పుట్టుకతో రాదు. మోసే మనిషి గుండెని విని నేర్చుకుంటుంది. కూర్చున్నవాళ్ళ గుండె విన్న మొలక మొద్దుగా తయారవుతుంది. ఉరుకులు పెట్టే గుండె విన్నదానికి కంగారు అంటుకుంటుంది. నిదానంగా, చాలాసేపు పరుగెత్తే గుండే దానికి సరైన గురువు. దగ్గరలో కరెంటు పొడ తగిలితే మొలక చచ్చిపోతుంది, అందుకని నాడి చూసే యంత్రాలేవీ గొట్టంలోకి రానివ్వరు. ఇక మిగిలింది మాట. పరుగెడుతూ మామూలుగా మాట్లాడగలిగితే గుండె నిదానంగా ఉన్నట్టు, రొప్పితే తొందరపడుతున్నట్టు. గొట్టాన్ని నడిపే యంత్రం లయపాలిక ఆ మాటలు వింటుంది, దీపానికి వేగం కడుతుంది.

ఎంత చక్కటి ఏర్పాటు! మనుషుల మాట నమ్మే యంత్రాన్ని ఇన్నాళ్ళకి ఒకదాన్ని తయారుచేసి, తీసుకొచ్చి మనుషుల మధ్యే పెట్టారు.

మంగవేణికి బొత్తిగా కుదురు లేదు. సిటీబస్సు ఆగకముందే మెట్టు మీద ఒక కాలుంటుంది. పాలు పొంగేదాకా నిలబడలేక పక్కగదిలోకి పోయి, అవి పొంగాక పొయ్యిని తిడుతుంది. మొలక కట్టించుకున్న మొదటిరోజే దీపాన్ని దాటి దౌడు తీసింది. వంతెన మొదట్లోనే గోడకి చేరగిలబడి, నాలుక బయటపెట్టి, ఇక నావల్ల కాదని ఏడ్చింది. కొత్తవాళ్ళకి పాతవాళ్ళని జతచెయ్యడం గొట్టం ఆచారం కనక ఆమెకి అబ్బులుగారు దొరికారు. ఆయన ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. లోగడ భార్య కోసం మొలక మోశారు, ఆవిడ ఇప్పుడు నిక్షేపంలా ఉంది. ఈసారి బావమరిది కోసం మోస్తున్నారు, ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

"పరుగు రానివాళ్ళు ముందు మెల్లగా పరుగెత్తడం నేర్చుకోవాలమ్మా" అని చెప్పారాయన అప్పుడే. "ఇవాళ ఉన్న దమ్మంతా ఇవాళే ఊడ్చెయ్యకు. కాస్త మిగుల్చుకుని ఇంటికెళ్ళు. రేపటికి అది పెరుగుతుంది. సిగ్గుపడేటంత మెల్లగా వెళ్ళు, ఫర్వాలేదు."

మంగవేణి బుద్ధిగా తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు. అక్క మంచం మీద ఉంటే మెల్లగా ఎవరికి కాళ్ళాడతాయి? ఆమె ఇంకో దారి కనిపెట్టింది. లాంచీల రేవులో ఆమె మైకుమనిషి. వరదొచ్చినా, చొక్కాలు పట్టుకుని జనం కొట్టుకుంటున్నా, గొంతు వణక్కుండా గుక్కలో ప్రకటన చదవడం ఆమె ఉద్యోగం. గుండె ఎటు పోయినా గొంతు దాని దారిన అది పోతుంది. పరుగులో లాంచీలు వల్లించడం మొదలెట్టగానే పైనుంచి లయపాలిక "శ్వాస నిర్మలం" అంది. దీపం వేగం పెరిగింది. చూశారా, నాకు దమ్మొచ్చేసింది, అనుకుని ఆమె తెగ మురిసిపోయింది.

అలా అనుకున్నది ఆమె ఒక్కతే కాదు. ముందు జంటలో ఎవరో ఎక్కాలు అప్పజెబుతున్నారు. వెనక జంటలో చీరలకొట్టు కామేశ్వర్రావు ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి అంటూ చీరలు పరుస్తున్నాడు. గొట్టం మొత్తం బడి విడిచే వేళలా మోగిపోతోంది. నిజంగా మాట్లాడుతున్నదీ, అందుకని నిజంగా రొప్పుతున్నదీ అబ్బులుగారే. ఆయన ఊపిరిని లయపాలిక 'వృద్ధశ్వాస' కింద వేసి పక్కకి తోసేసింది.

మంగవేణికి ఇవాళ్టితో పరుగు అయిపోతుంది. కొవ్వూరు చివర సంచి దించి తీసుకుంటారు, సాయంత్రం అక్కకి అంటుకడతారు. పొద్దున అక్కని చూసి వచ్చింది. సత్యవేణి దిండుకి ఆనుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, "తిన్నావా?" అంది. అంతే. డాక్టరమ్మ బయటికి పిలిచి, ఇవాళ తప్పితే ఆవిడకి మళ్ళీ వరస వచ్చేదాకా ఓపిక ఉండకపోవచ్చు అని చెప్పింది. అప్పట్నుంచీ మంగవేణి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

"సంచి మీద... చెయ్యేసి చూశావా ఇవాళ?" అన్నారు అబ్బులుగారు.

"ఏం చూడాలండీ. మూడో రేవు నుంచి బయల్దేరు లాంచీ..."

"లాంచీ ఆగుతుందిలే. ఓసారి చూడమ్మా."

విసుక్కుంటూ అరచెయ్యి సంచికి ఆనించింది. లోపల మొలక మూకుట్లో పేలాల్లా టపటపలాడుతోంది. దానికో వరసా పాడూ లేదు. ఒక దెబ్బ పడీ పడకముందే ఇంకోటి వచ్చి మీద పడుతోంది. మంగవేణి చెయ్యి తీసేసి, మళ్ళీ పెట్టింది.

"మీదెలా కొట్టుకుంటుందండీ?"

"ఆయాసం ఊపిరిదేలే... గుండెకి పరుగు అలవాటే. అచ్చం మా బావమరిదే. ఒకటి కొట్టి... ఆలోచించి... ఇంకోటి కొడుతుంది."

"నాది... కొంచెం హడావిడిగా ఉంది. అంటుకట్టాక కుదురుకుంటుందిగా?"

అబ్బులుగారు మొహం దీపం వైపు తిప్పుకున్నారు. ఆయన మాట ఆపగానే పైకప్పు చెవి ఒకటి టిక్కుమంది.

"చెప్పండీ! కుదురుకోదా?"

"మా ఆవిడ పక్కమంచం మీద ఒకాయన ఉండేవాడు. ఆయనకి కంగారు మొలక కట్టారు. రెండ్రోజులు బాగానే తిరిగాడు. తర్వాత పాత గుండెది ఒక దారి, కొత్త ముక్కది ఒక దారి అయిపోయింది."

"పోయాడా?"

"ఆయ్."

"ఇప్పుడా చెప్పడం?" మంగవేణికి ఒళ్ళు మండింది. "ఇన్నాళ్ళూ పక్కనే ఉండి, దింపే రోజున చెబుతారా?"

"మెల్లగా, మెల్లగా అని రోజూ మొత్తుకున్నానమ్మా. ఎందుకో చెబితే నీకు ఇంకా కంగారు పుడుతుందని... చెప్పలేదు. తప్పే."

"కొవ్వూర్లో చూస్తారుగా? చూడకుండా కట్టరుగా?"

"నిర్మలం అని పాలిక చెబితే వాళ్ళింక సంచి కూడా విప్పి చూడరు. యంత్రం పెడితే కరెంటు భయం."

దీపం జారిపోతోంది. మంగవేణి అలవాటుగా దాని వెంట పడింది. లాంచీ ప్రకటన నోటి చివరిదాకా వచ్చింది. ఇలాగే చదువుకుంటూ పోతే కొవ్వూరు వచ్చేస్తుంది, నిర్మలం అని ముద్ర పడుతుంది, సాయంత్రానికి ఈ పిచ్చి టపటపని అక్క గుండెకి కుట్టేస్తారు. ఆగితే దీపం పోతుంది. దీపం పోతే మొలక రద్దు, అక్క పేరు వరస చివరికి పోతుంది. ఏ దారిన వెళ్ళినా అక్కే కనిపిస్తోంది. అమ్మ పోయిన ఏడాది తలదువ్వి బడికి పంపిన అక్క, చిక్కు తియ్యడానికి పావుగంట పడితే పావుగంటా ఓపిగ్గా తీసిన అక్క. మంగవేణికి కోపమొచ్చింది. అబ్బులుగారి మీద, పాలిక మీద, అందరికంటే ఎక్కువ తన గొంతు మీద.

నోరు మూసుకుంది. పరుగు తగ్గించి నడకలోకి దిగింది.

మాట ఆగేసరికి, ఇన్నాళ్ళూ దాని కింద అణిచిపెట్టిన ఊపిరి ఒక్కసారిగా ఎగదన్నింది. మంగవేణి నడుం మీద చేతులు పెట్టుకుని, వంగిపోయి, సిగ్గూఎగ్గూ లేకుండా రొప్పింది.

"జంట ఏడు" అంది పైనుంచి లయపాలిక బూర. ఆ గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. "ఎడమ మనిషి శ్వాసలో మార్పు. నిర్ధారించండి."

"మార్పు... కాదు. ఇదే నా శ్వాస."

"ఇంతవరకు నిర్మలం అని నమోదైంది."

"అది మైకు గొంతు. కింద గుండె... రోజూ ఇలాగే కొట్టుకుంది. ఈ మొలకకి కంగారు పట్టింది. మా అక్కకి... దీన్ని కట్టనివ్వను."

"నడక కొనసాగితే మొలక రద్దు. రోగి వరస చివరికి. అంగీకారమా?"

మంగవేణి అబ్బులుగారి వైపు చూసింది. ఆయన కూడా నడకలోకి దిగి ఆమె పక్కనే ఉన్నారు. జంట విడిపోకూడదన్నది గొట్టం మర్యాద. ఆయన మొలకా రద్దవుతుంది.

"మీరు పొండి. మీ బావమరిది..."

"వాడికి నా మీద కోపం కొత్తా ఏంటి" అన్నారాయన. అన్నారే గానీ తన సంచిని ఓసారి నిమురుకున్నారు.

"అంగీకారమే" అంది మంగవేణి పైకి చూసి. ఆ మాటతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిచింది.

దీపం దూరమై, చిన్నదై, ఎక్కాల జంట వెనకాల కనిపించకుండా పోయింది. అప్పటికే వెనకవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు వచ్చి పడుతున్నారు.

"ఏవండోయ్ మైకమ్మగారూ!" కామేశ్వర్రావు గొంతు. "మీరు ఆగితే మా దీపాలూ పోతాయండీ! మా నాన్నకి రేపే ముహూర్తం. నడవండి, దణ్ణం పెడతాను, నడవండి!"

"మీ సంచి మీద చెయ్యేసి చూడండి."

"ఇప్పుడు చేతులు వేసుకుని కూర్చునే టైమాండీ?"

"మీ నాన్నగారి కోసమే. ఒక్కసారి."

తిట్టుకుంటూనే వేశాడు. తర్వాత ఆయన ఊపిరి వినపడింది, కొలిమితిత్తిలా.

"నాకూ ఆయాసమేనండీ" అన్నాడు. "మొదట్నుంచీనూ. మీకెవరికీ లేదు, నాకొక్కడికే ఉందేమోనని..."

ఆయన వెనక ఇంకెవరో ఏదో అన్నారు. వాళ్ళ వెనక ఇంకెవరో. గొట్టం పొడుగునా వల్లింపులు ఒక్కొక్కటే తెగిపోయాయి. వాటి జాగాలో రొప్పు, దగ్గు, ముక్కులు చీదడం. చివరికి ముందు జంటలో ఎక్కాలు కూడా ఆగాయి.

పైన బూర మళ్ళీ పలికింది. అదే గొంతు, కాకపోతే మాటల మధ్య ఖాళీలు వచ్చాయి.

"దీపం వేగం మీ అందరి మాటల మీద కట్టాం. ఒక జంట నిర్మలమైతే తర్వాతి జంటకి వేగం పెంచాం. ఇప్పుడు వింటున్న శ్వాసకీ ఆ మాటలకీ పొంతన లేదు. వేగం కట్టడానికి ఆధారం లేదు."

గోడ మీద దీపాలన్నీ ఆరిపోయాయి. అవి ఆరడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఎవరో పెద్దావిడ భయపడి దేవుణ్ణి తలుచుకుంది.

"సూచన ఇవ్వండి" అంది బూర. "ఎంత వేగం?"

సూచనలు తీసుకోవడమే తెలిసినవాళ్ళు ఇవ్వమంటే ఏం ఇస్తారు? అబ్బులుగారు గొంతు సవరించుకున్నారు.

"మాట్లాడగలిగినంత. వల్లించగలిగినంత కాదు."

"తేడా వినడం మాకు తెలియదు."

"నేర్చుకో మరి. మేమూ అదే పని మీద ఉన్నాం."

పసుపు వెలుగు ఒకటి మంగవేణి కాళ్ళ పక్కన, గోడ మీద, మెల్లగా వెలిగింది. ముందుకి పోలేదు. అక్కడే నిలబడింది.

"జంట ఏడు. ఈ మొలక ఇవాళ తీసుకోం. రద్దు నిలిపాం. కుదురుకునే దాకా మొయ్యండి. రోగి సత్యవేణి అంతదాకా ఓపిక పట్టగలరో లేదో మేం చెప్పలేం."

"నేనూ చెప్పలేను" అంది మంగవేణి, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ. కొవ్వూరు దాకా ఉరికి అక్క చెయ్యి పట్టుకోవాలని ప్రాణం లాగేస్తోంది. ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ వేసింది. నడకకి కాస్త పైన, పరుగుకి బాగా కింద. వెనకవాళ్ళు కూడా అలాగే కదిలారు. ఎవరూ తోసుకోలేదు.

"ఏదైనా చెప్పమ్మా" అన్నారు అబ్బులుగారు.

"ఏం చెప్పను?"

"నీకు కంఠతా రానిది."

మంగవేణి నోరు తెరిచింది. ఒక్క మాటా సిద్ధంగా లేదు. "మా అక్క" అని, అక్కడే గుక్క తిప్పుకోవాల్సి వచ్చింది. తిప్పుకుంది. "మా అక్క తిన్నావా అనడిగింది పొద్దున. తిన్నానని అబద్ధం చెప్పానండీ." ఇంకో ఊపిరి. "నాకు చాలా భయంగా ఉంది."

ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు కదిలింది దీపం.